చెయ్యందించని కుస్తీ

పైల్వానుకు పిల్లనిస్తే సుఖపడుతుందని మా నాయన ఎందుకనుకున్నాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఇంట్లో బర్రె ఇచ్చే పాలన్నీ ఆయన కడుపులోకే పోయేవి. బాదంపప్పు నూరేది నేను, తాగేది ఆయన. ఎర్రమట్టి పట్టిన లంగోటీలు ఉతికీ ఉతికీ నా గోళ్ళ సందులు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్త నాతో ఆడిన మొదటి మంచి మాట ఏమిటంటే, "వాని మీద కోపమొస్తే నోటితో తిట్టుమ్మే, చేత్తో తొయ్యాకు. వాడు కదల్డు, నీ నడుమే పట్టుకుంటాది" అని.

మాది కర్నూలుకు పడమటి వైపు నల్లరేగడి పల్లె. వాన పడితే జొన్న వేస్తారు, పడకపోతే మొగం పైకెత్తి కూర్చుంటారు. అట్లా కూర్చునే రోజులే ఎక్కువ కాబట్టి మగవాళ్ళకు ఆటలు కావాలి. ఊరి చివర మట్టిగోడల గరిడి ఉండేది. లోపల కుస్తీ గుంత, గోడకు కర్రలు, ఒక మూల ఎవరెత్తగలరో చూద్దామన్నట్టు నున్నటి రాతిగుండు. ఆడవాళ్ళు ఆ గడప తొక్కకూడదు. దూది ఏకే ముసలాయన ఒకాయన అక్కడ వస్తాదు, అంటే కుస్తీ నేర్పే గురువు. ఆయన ముందు మా ఆయన కూర్చోడు, నోరెత్తడు. ఆ భయంలో సగం ఇంట్లో ఉంటే నా బతుకు ఇంకోలా ఉండేది.

ఆయనకు కుస్తీ ఒక్కటే అయితే ఏదో సర్దుకుందును. ఉట్ల పండగొస్తే నూనె పూసిన ఉట్లమాను మీద నీళ్ళు కొడుతుంటే పైకెక్కి జారి, జారి ఎక్కేవాడు. పీర్ల పండగలో కర్రసాము చేసేవాడు. ఉగాదికి బండలాగుడులో ఎద్దులతో పాటు పరుగెత్తేవాడు. మధ్యలో ఎక్కడ చెడుగుడు ఆడుతున్నా కబురొచ్చేది. ఆదోని వైపు నుంచి ఆత్మకూరు దాకా ఎక్కడ పరస, అంటే తిరునాళ్ళ జరిగినా జనం "పైల్వాను వచ్చినాడా?" అని అడిగేవాళ్ళు. ఇంట్లో విత్తనాలున్నాయా అని మాత్రం ఎవరూ అడిగేవాళ్ళు కాదు. అయినా అబద్ధమెందుకు, ఆయన గుండును భుజం మీదికెత్తి గుండ్రంగా తిరిగి జనానికి చూపిస్తుంటే నాకు ఒళ్ళు పొంగేది. తర్వాత ఇంటికొచ్చి తిట్టేదాన్ని.

మా వైపు కుస్తీకి ఒక కట్టుబాటు ఉంది. వెల్లకిలా పడి వీపు మట్టికి ఆనినవాడు తనంతట తాను లేవకూడదు. పడగొట్టినవాడే వంగి కుడిచెయ్యి అందించి లేపాలి. అప్పుడే కుస్తీ ముగిసినట్టు, అప్పుడే ఒకడు గెలిచినట్టు, ఒకడు ఓడినట్టు. పడినవాణ్ణి సొంత మనుషులు లేపారంటే పీనుగను ఎత్తుకుపోయినట్టే లెక్క. అట్లా లేచినవాడు మళ్ళీ ఏ గుంతలోనూ దిగకూడదు. "ఆ చెయ్యి పట్టుకున్నాక మనసులో పగుండదు, అందుకే పెట్టినారు" అని మా ఆయన చెప్పేవాడు. నేను పెద్దగా పట్టించుకోలేదు. మగవాళ్ళ కట్టుబాట్లు మగవాళ్ళవి అనుకున్నాను.

కర్నూలు కొత్తగా రాజధాని అయిన రోజులవి. ఆత్మకూరుకు దగ్గర, నల్లమల కింద ఒక పల్లెలో పరస జరిగింది. ఎద్దులబండి కట్టుకుని నేనూ, మా అత్తా కూడా పోయాము. ఆడవాళ్ళు గుంత దగ్గరికి పోకూడదు కాబట్టి దూరంగా బండి మీదే నిలబడి చూస్తున్నాము. ఆ యేడు ఎవరో పెద్ద ఆఫీసరు జీపులో వచ్చి పందిరి కింద కూర్చున్నాడు. గెలిచినవాడి చేతికి వెండి కడియం ఆయనే తొడగాలి. ఆయనకు వేరే పనుందట, ఎండ ముదరకముందే పోవాలట. ఊరి పెద్దలకు అందుకే కాళ్ళు నిలవడం లేదు.

ఎదుటివాడు రాయచోటి వైపు మనిషి. మా ఆయన కంటే చిన్నవాడు, సన్నం, నవ్వుమొగం. గుంతలో మట్టి తీసి ఒకరి భుజాలకు ఒకరు పూసుకునేటప్పుడు అతను ఏమన్నాడో మా ఆయన నాకు తర్వాత చెప్పాడు. "అన్నా, బండి మీద నుంచి వదిన చూస్తాండాది. నిన్ను మెల్లగనే ఓడిస్తాలే, భయపడాకు" అన్నాడట. మా ఆయన నవ్వాడట. నాకు దూరం నుంచి ఇద్దరూ నవ్వడం కనిపించింది.

చాలాసేపు పెనుగులాడారు. చివరికి మా ఆయన అతన్ని నడుం పట్టి భుజం మీదికెత్తి వెనక్కి వేశాడు. అందులో తప్పేమీ లేదు. అట్లాంటి పట్టు నేను ఎన్నోసార్లు చూశాను, పడ్డవాళ్ళు దులుపుకుని లేచారు. వాళ్ళ వస్తాదూ అదే చెప్పాడు, మా వస్తాదూ అదే చెప్పాడు. అతను వెల్లకిలా పడ్డాడు. జనం ఒక్కసారిగా అరిచారు. మా ఆయన చెయ్యందించడానికి వంగుతున్నాడు. అంతలోనే ఆఫీసరు లేచి నిలబడ్డాడని ఎవరో కేకేశారు. మా ఊరివాళ్ళు గుంతలోకి దూకి మా ఆయన్ని భుజాల మీదికెత్తుకుని పందిరి వైపు పరుగెత్తారు. తప్పెట్లు మోగుతున్నాయి. ఆయన వెనక్కి తిరిగి "దించండ్రా, దించండి" అని అరుస్తున్నాడు. ఆ నోరు కదలడమే కనిపించింది గానీ మాట వినపడలేదు. బండి మీద నుంచి నేనూ అరిచాను. నా మాటా ఎవరికీ వినపడలేదు.

గుంతలో అతను అట్లాగే పడి ఉన్నాడు. రాయచోటి వైపు వాళ్ళంతా చుట్టూ నిలబడ్డారు. ఒక్కరూ ముట్టుకోలేదు. కట్టుబాటు కదా, పడగొట్టినవాడు వచ్చి చెయ్యందించేదాకా ఆగాలి. ఎండలో అతని మొగం మీదికి ఎవరో తుండుగుడ్డ నీడ పట్టారు. అంతే. నేను ఎత్తున నిలబడి ఉన్నాను కాబట్టి నాకు బాగా కనిపిస్తోంది. అతను కళ్ళు తెరిచే ఉన్నాడు. కాసేపటికి అతను ఏదో అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్క అడుగు వెనక్కి వేశారు. "నా చేతులు యాడుండాయి?" అని అడిగాడని తర్వాత తెలిసింది.

వాళ్ళ వస్తాదు గోనెపట్ట తెప్పించాడు. దాన్ని అతని కిందికి మెల్లగా జరిపి, పడుకున్నవాణ్ణి పడుకున్నట్టే మోసి బండిలో పెట్టుకుపోయారు. మా ఆయన కడియం తొడిగించుకుని, జనాన్ని తోసుకుని పరుగెత్తి వచ్చేసరికి గుంతలో మట్టి మీద మనిషి పడిన ఆకారం మాత్రమే ఉంది. ఆయన దాని పక్కన నిలబడ్డాడు. మా అత్త పిలిచినా రాలేదు. వస్తాదు వచ్చి భుజం మీద చెయ్యి వేసి తీసుకొచ్చాడు.

అతను బతికే ఉన్నాడని, మెడ కింద ఏమీ ఆడడం లేదని కొన్నాళ్ళకు కబురొచ్చింది. ముందే లేపి ఉన్నా లాభం లేదని, లేపి ఉంటే ప్రాణమే పోయేదని డాక్టరు అన్నాడట. ఆ మాట నేను మా ఆయనకు ఎన్నిసార్లు చెప్పానో. ఆయన వినేవాడు, తలూపేవాడు.

విత్తనం వేసే రోజుల్లో ఒక పొద్దున జొన్నరొట్టె, చట్నీ తీసుకుని చేనికి పోయాను. విత్తే గొర్రు చేను మధ్యలో ఆగిపోయి ఉంది. ఎద్దులు నిలబడి ఉన్నాయి. మా ఆయన నడుం వంచి, కుడిచెయ్యి కిందికి చాచి, సాలు వైపు చూస్తూ నిలబడ్డాడు. పడినవానికి చెయ్యందించే తీరు అది. అట్లా ఎంతసేపటి నుంచి ఉన్నాడో నాకు తెలియదు. "ఏందయ్యా?" అని అడిగాను. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"వాడు ఈడ పడుకోనుండాడు. ఇంగా లేయలేదు" అన్నాడు.

అప్పటి నుంచి మొదలైంది. చెడుగుడులో ఎవరైనా కింద పడితే, తన జట్టువాడా పరాయివాడా చూడకుండా, ఆట మధ్యలోనే వంగి చెయ్యి చాచేవాడు. ఆ సందున వచ్చినవాడు తాకి పోయేవాడు. జట్టు ఓడిపోయేది. గుండెత్తి భుజం మీదికి తెచ్చుకున్నాక అందరిలా దబ్బున కిందికి వెయ్యలేకపోయేవాడు. పసిబిడ్డను దించినట్టు మెల్లగా దించేవాడు. జనం నవ్వారు. ఉట్లమాను సగం ఎక్కి కిందికి చూసి అక్కడే ఆగిపోయాడు, మళ్ళీ ఎక్కలేదు. కుస్తీలోనైతే చెప్పనక్కర లేదు. ఎదుటివాడు భుజం మీదికి వచ్చాక ఈయన చేతుల్లో బలం పోయేది. అమ్ముడుపోయాడని ఒకరన్నారు, గాలి సోకిందని ఒకరన్నారు. వస్తాదు మాత్రం ఆయన్ని గుంత చదును చేసే పనికి పెట్టాడు.

ఇంటి ముంగిట్లో బర్రెను కట్టేసే గాటి పక్కన ఒక చోటుంది. మధ్యాహ్నం పూట ఎక్కువగా అక్కడే వంగి నిలబడేవాడు. నేను మొదట్లో ఆ చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయేదాన్ని. రానురాను నాకూ భయం పట్టుకుంది. ఆ చోట కసువు ఊడ్చేటప్పుడు చీపురు ఆపేదాన్ని. పేడనీళ్ళు చల్లితే అటు పడకుండా చల్లేదాన్ని. ఒకరోజు చూస్తే మా అత్త కూడా బిందె చంకన పెట్టుకుని ఆ చోటును చుట్టి నడుస్తోంది. ఒకరి మొగం ఒకరు చూసుకున్నాము. మా ఇంట్లో లేని మనిషి ఒకడు పడుకుని ఉన్నాడు, మేము ముగ్గురం అతన్ని తొక్కకుండా తిరుగుతున్నాము. ఆయన తిండి తగ్గింది. భుజాల ఎముకలు కనిపించాయి. అట్లాగే పోతే నాకు మొగుడు మిగలడని తెలిసిపోయింది.

మరుసటి యేడు వానలు పోయాక ఆయన్ని రైలెక్కించి కడప దర్గాకు తీసుకుపోయాను. సాంబ్రాణి పొగలో కూర్చున్న పెద్దాయన అంతా విన్నాడు. నెమలీకల కట్ట చేతిలోకి తీసుకున్నాడు.

"ఆ మనిషి ఎప్పుడు పోయినాడమ్మా?"

"పోలేదు సామీ, బతికే ఉండాడు."

ఆయన నెమలీకలు కింద పెట్టేశాడు. "చచ్చినోడు పట్టుకుంటే నేను ఇడిపిస్తా. బతికినోడు పట్టుకుంటే నేనేం చేసేది బేటీ? రాయచోటికి ఈడనుంచే బస్సుండాది. పో, పోయి మనిషిని చూడండి."

మా ఆయనకు పోవాలని లేదు. నేనే రెక్క పట్టి బస్సెక్కించాను. దారంతా ఆయన ఒకటే గొణుగుతున్నాడు, పోయి చెయ్యందిస్తే సాలు, కుస్తీ అయిపోతాది, చెయ్యందిస్తే సాలు అని. నాకు ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను. ఇంత చిన్న పనికి ఇంతకాలం ఆగామే అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆ ఊరు దిగి అడిగితే బండలు కప్పిన ఒక ఇల్లు చూపించారు. పంచలో ఒక ఆడమనిషి చెనక్కాయలు వొలుస్తోంది. కుస్తీల్లో నలిగిన మా ఆయన చెవులు చూసి ఆమె లేచి నిలబడింది. ఎవరని అడగలేదు. "రాండి" అంది.

అతను లోపల కాకుండా పంచలోనే, నులకమంచం మీద ఉన్నాడు. దుప్పటి కింద ఒళ్ళు ఉందో లేదో అన్నట్టుంది. మొగం మాత్రం ఆనాటిదే. మమ్మల్ని చూసి నవ్వాడు.

"ఏమన్నా, ఇంత ఆలస్యమా?" అన్నాడు.

మా ఆయన మంచం దగ్గరికి పోయి నడుం వంచాడు. కుడిచెయ్యి చాచాడు.

"ఆడనే ఆపన్నా" అన్నాడు అతను. "నువ్వు చెయ్యందిస్తే నేను ఓడిపోయినట్లే. నేనింతవరకు ఓడిపోలేదు. ఈ ఊర్లో ఎవరినన్నా అడుగు. నన్ను గోనెపట్ట మీద మోసుకొచ్చినారు గానీ లేపలేదు. మా వస్తాదు చూసుకున్నాడు ఆ సంగతి."

నాకు ఒళ్ళు మండింది. "ఏమబ్బా, నీకేమన్నా న్యాయముండాదా? ఈయప్ప నీ కోసరం తిండి మానేసినాడు, ఆట మానేసినాడు. ఇంట్లో నువ్వు పడుకోనుండావని దావ చుట్టుకోని తిరుగుతాండాం. ఒక్కసారి ఆ చెయ్యి ముట్టనియ్యి. నా మొగుడు బతుకుతాడు."

అతను నా వైపు చూశాడు. నవ్వు పోయింది. "వదినా, కోపం చేసుకోవాకు. నీకు శానా ఉండాయి. నాకుండేది ఇదొకటే."

అతని భార్య నన్ను చెయ్యి పట్టి పక్కకు తీసుకుపోయింది. "అక్కా, పొద్దున్నే ఆయనకు మొగం కడుగుతా గదా, అప్పుడు అడుగుతాడు, నేను ఓడిపోయినానా అని. లేదు అంటే ముద్ద మింగుతాడు. అది లేకపోతే ఆ మనిషి నోరు తెరవడు" అంది. ఆమె చేతులకు చెనక్కాయల మట్టి అంటి ఉంది. నా చెయ్యి వదల్లేదు.

నేను తిరిగి చూసేసరికి మా ఆయన చెయ్యి ఇంకా అట్లాగే గాలిలో ఉంది. మంచానికీ ఆ చేతికీ మధ్య జానెడు దూరం. అది దాటితే నా ఇల్లు బాగుపడుతుంది. నేను మనసులో దేవుళ్ళందరినీ పిలిచాను. కానివ్వు, కానివ్వు, అతను ఒప్పుకోకపోతే ఏం, ముట్టుకో అని గట్టిగా అనుకున్నాను. మంచం మీది మనిషి అడ్డం పడలేడు కదా. ఆ సంగతి నాకు తెలుసు, మా ఆయనకూ తెలుసు.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రెండు చేతులూ వీపు వెనక కట్టుకున్నాడు. అప్పటికి ఊరి మనుషులు పంచ ముందర గుమిగూడారు. వాళ్ళ వైపు తిరిగి, గరిడిలో మాట్లాడే గొంతుతో అన్నాడు.

"ఆత్మకూరు కాడ పడిన కుస్తీ ఇంగా ముగియలేదప్పా. నేను గెలవలేదు. ఈయన ఓడలేదు."

"ఇంగోసారి చెప్పన్నా" అన్నాడు మంచం మీది మనిషి. మా ఆయన మళ్ళీ చెప్పాడు.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో గుంతకల్లు దాటాక ఉండబట్టలేక అడిగాను. "నన్ను ఒక్క మాట అడిగినావా? ఇంట్లో నేనుండా, మీ అమ్మ ఉండాది." ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

ఆ తర్వాత ఏ పరసకు పోయినా, ఎవరు ఆ కుస్తీ సంగతి ఎత్తినా, ఆయన లేచి నిలబడి నేను గెలవలేదని చెప్పేవాడు. మా ఊరి పెద్దలకు తలకొట్టేసినట్టయింది. ఊరి పేరు పోగొడుతున్నావన్నారు. కడియం తీసి వాళ్ళ ముందు పెట్టేశాడు. ఎక్కడి నుంచీ కబుర్లు రావడం ఆగిపోయింది. గుండెత్తడానికి కూడా ఎవరూ పిలవలేదు. ఆయన సేద్యం చేశాడు, బర్రెను మేపాడు. మధ్యాహ్నం పూట ముంగిట్లో వంగేవాడు, చెయ్యి చాచేవాడు, మళ్ళీ వెనక్కి లాక్కుని వీపు మీద పెట్టుకునేవాడు. ఇంతకు ముందు వాడు లేయలేదని బాధపడేవాడు. ఇప్పుడు తను లేపకుండా ఆపుకోవాలి. ఏది ఎక్కువ బాధో నాకు తెలియదు, చూసేదానికి మాత్రం రెండోదే ఎక్కువ.

ఎండాకాలంలో అతను చనిపోయాడని ఎవరో చెనక్కాయల వ్యాపారి కబురు మోసుకొచ్చాడు. మా ఆయన దాయాది పోయినట్టు తలస్నానం చేశాడు. నాకు పైకి చెప్పుకోలేని సంతోషం కలిగింది. పాపమైతే పాపం, కలిగింది. ఇంక అయిపోయింది కదా అనుకున్నాను.

కాలేదు. కొన్నాళ్ళకు మళ్ళీ ముంగిట్లో అదే చోట వంగి నిలబడ్డాడు. చెయ్యి చాచి, నరాలు తేలేట్టు బిగించి, వెనక్కి లాక్కున్నాడు. నాకు ఓపిక పోయింది. పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి ఊరంతా వినేట్టు అరిచాను.

"వాడు సచ్చిపోయినాడు గదయ్యా! ఇంగ చెయ్యందియ్యి, కుస్తీ ముగిచ్చు, మళ్ళా మనిషివి కా. ఇప్పుడు నిన్ను ఒద్దనేవాళ్ళెవరు?"

ఆయన నడుం ఎత్తి నా వైపు చూశాడు. మొగమంతా చెమట.

"ఒద్దనేకి వాడు లేడు గదే" అన్నాడు. "అందుకే ఇయ్యకూడదు."

నేను ఆ ముంగిట్లోనే కూలబడి ఏడ్చాను. జాలితో కాదు, కోపంతో. అంత మంచి మనిషితో కాపురం చెయ్యడం ఎంత కష్టమో ఎవరికి చెప్పుకోను?